నీళ్ళ కింది తావు

ఆ ఎండాకాలం మా ఇంట్లో మొదటి గొడవ ఒక ప్లాస్టిక్ కుర్చీ మీద వచ్చింది.

బాల్కనీ ఊడ్చడానికి దాన్ని గోడవైపు జరిపి, తడిగుడ్డ పెట్టి, నేల ఆరాక మళ్ళీ ఉన్నచోటే పెట్టాను. పెట్టాననే అనుకున్నాను. మామయ్య వచ్చి కూర్చున్నారు. లేచారు. మళ్ళీ కూర్చుని మెడ అటూ ఇటూ సాచి చూశారు. కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయి వారమైంది. ఆ నల్లద్దాల వెనక నుంచి ఏం చూస్తున్నారో తెలియదు.

“కుర్చీ ఎవులు జరిపినారు?”

“నేనే మామయ్యా. ఊడ్సేటప్పుడు జరిపిన. మళ్ల అక్కడనే పెట్టిన కదా.”

“అక్కడ కాదు.”

ఇటు జరిపాను. ఎక్కువైందన్నారు. అటు జరిపాను. చాల్లేదన్నారు. ఇంట్లో ఏ డబ్బా ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలదాన్ని నేను. నాకే వస్తువు పెట్టడం రాదన్నట్టు మాట్లాడితే ఒళ్ళు మండింది. జానెడు అటైతే ఏంది, ఇటైతే ఏంది అనేశాను. మామయ్య కాఫీ ముట్టకుండా లోపలికి వెళ్ళి మంచమ్మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆఫీసుకు బయల్దేరుతున్న మా ఆయన గుమ్మంలో ఆగి, “కుర్చీయే కదా నాన్నా” అన్నారు.

“నీకు కుర్చీయే” అని గోడవైపు నుంచి జవాబొచ్చింది.

మామయ్యది శ్రీకాకుళం తీరంలో ఒక చేపల పల్లె. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ పడవ నడిపి, తర్వాత దాన్ని చిన్నకొడుకు పరుశురాంకు అప్పజెప్పారు. పెద్దకొడుకు, అంటే మా ఆయన పార్థసారథి, చదువుకోవడానికి హైదరాబాదు వచ్చి ఇక్కడే యూనివర్సిటీ ఆఫీసులో ఉద్యోగంలో కుదురుకున్నారు. కంటి డాక్టరు ఉప్పుగాలి తగలకూడదన్నాడు కాబట్టి వానలు పడేదాకా మామయ్య తార్నాకలో మా దగ్గర ఉండాలి. పొద్దున్న లేస్తే బాల్కనీలో ఆ కుర్చీ, ఎదురుగా అపార్ట్‌మెంట్లు, వాటి మధ్య సందుల్లో కాస్త ఆకాశం. ఆయనకు అంతకుమించి ఊరు లేదు.

నాది జనగామ పక్కన మెట్టచేల ఊరు. పెళ్ళయ్యాకే సముద్రం చూశాను. ఎన్నిసార్లు చూసినా ఒడ్డున నిలబడి పైపైనే చూశాను. దాని అడుగు చూసింది మాత్రం ఆ ఎండాకాలంలోనే, అదీ ఇక్కడి క్యాంపస్‌లో.

మా అమ్మాయి కౌముది ఆ క్యాంపస్‌లోనే భూభౌతిక శాస్త్రంలో పరిశోధన చేస్తోంది. తీరాన్ని, తీరం దగ్గర సముద్రపు అడుగునీ కొలిచే పెద్ద పని ఒకటి వాళ్ళ డిపార్ట్‌మెంటుకు వచ్చింది. కొలతలు చలికాలంలోనే అయిపోయాయి. ఎండాకాలమంతా వాటిని శుభ్రం చేయాలి. వీళ్ళ వాటాకొచ్చిన తీరంలో మామయ్య ఊరు కూడా ఉందని తెలిసిన రోజు కౌముది గంతులేసింది. మామయ్య మాత్రం, “మా ఊరిని కొలిసేదేటి?” అని నవ్వారు.

సెలవుల్లో క్యాంటీన్ మూసేస్తే మధ్యాహ్నాలు నేనే డబ్బా తీసుకువెళ్ళేదాన్ని. ఆ వేళప్పుడు క్యాంపస్ నిద్రపోతున్నట్టుంటుంది. హాస్టళ్ళ కిటికీలన్నీ మూసి ఉంటాయి. రోడ్డు మీద రాలిన తురాయిపూలను తొక్కే మనిషి ఉండడు. ఎక్కడో ఒక కోకిల ఒకే మాటను తిప్పి తిప్పి అడుగుతూ ఉంటుంది. ఆ ఎండలోంచి కౌముది ల్యాబులోకి అడుగుపెడితే ఒక్కసారిగా చీకటి, చల్లదనం. కళ్ళు కుదురుకునేసరికి ఎదుట తెర మీద నీలం.

తీరం ఎర్రగా, ఆ పక్కన పసుపు, ఆకుపచ్చ, ఆ తర్వాత నీలం, నీలం చివర దాదాపు నలుపు. రంగు మారుతున్నకొద్దీ లోతు పెరుగుతున్నట్టు. అదంతా చుక్కలే. కౌముది మౌస్ కదిపితే సముద్రపు అడుగు మొత్తం పక్కకు ఒరిగి, నిద్రలో దొర్లిన మనిషిలా మళ్ళీ సర్దుకునేది.

ముందు విమానం వెళ్ళిందట. అది కిందికి లేజర్ వెలుగు విసురుతుంది. కొంత వెలుగు నీటి మీదే తగిలి తిరిగొస్తుంది. కొంత నీళ్ళలోకి దిగి, ఇసుకను తాకి, కాస్త ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యమే లోతు. ఒడ్డు దాటి లోతెక్కువైతే, నీళ్ళు బురదగా ఉంటే వెలుగు దారి తప్పుతుంది. అక్కడి నుంచి పడవ పని. పడవ కింద కట్టిన సోనార్ శబ్దాన్ని అడుగుకు పంపి, జవాబు కోసం చెవి పెట్టి ఉంటుంది.

“తిరిగొచ్చిన ప్రతిదీ నేల కాదమ్మా. అలలు, బుడగలు, చేపలు, అన్నీ కలిసొస్తయ్. కానివి ఏరి తీసెయ్యాలి.”

“బియ్యంల రాళ్ళేరినట్టు.”

“అట్లనే. కాకపోతే మా బియ్యంల రాళ్ళే ఎక్కువ.”

ఆ రోజే అది చూపించింది. చదునైన నీలం మీద ఒకచోట చిన్న దిబ్బలాంటిది, దాని పైన దుమ్ము లేచినట్టు చుక్కల మేఘం. పడవ ఒకసారి అటు వెళ్ళినప్పుడు వచ్చింది, చెత్త అనుకుని తుడిచేసింది. పక్క వరసలో మళ్ళీ వచ్చింది, మళ్ళీ తుడిచేసింది. మూడో వరసలోనూ ఉంది. విసుగొచ్చి వాళ్ళ శశిభూషణ్ సార్‌ను పిలిస్తే ఆయన చాలాసేపు చూసి, ఒకసారి వస్తే చెత్త, ప్రతిసారీ వస్తే అది అక్కడ ఉన్నట్టు, అన్నారట. తుడిచే ముందు అదేమిటో తెలుసుకొమ్మన్నారు. జూన్ రెండో వారానికల్లా మ్యాపు పైకి పంపాలి. ఆ తర్వాత అందరికీ కనిపించేలా పెడతారు. ఫోనున్న ఎవరైనా వేలితో పెద్దది చేసి చూసుకోవచ్చు.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి పడుకుంటే కల వచ్చింది. తార్నాక మొత్తం నీళ్ళ కింద ఉంది. మెట్రో స్తంభాల మధ్య చేపలు నెమ్మదిగా మలుపు తిరుగుతున్నాయి. నేను మా డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను, అవి ఆరకుండా ఊగుతున్నాయి. పైన ఎక్కడో ఒక పడవ నీడ. అందులోంచి ఎవరో నన్ను వింటున్నారు. భయం వేయలేదు. లేచాక కూడా కాసేపు చెవుల్లో ఆ నిశ్శబ్దమే ఉంది.

ఆదివారం సాయంత్రం కౌముది ల్యాప్‌టాప్ తెచ్చి తాత ముందు పెట్టింది. అద్దాలు మార్చుకుని, ఆపరేషన్ కాని కంటితో దగ్గరగా వంగి చూశారు మామయ్య. లేజర్ తీసిన ఊరు. ప్రతి పైకప్పూ, ప్రతి తాటిచెట్టూ, ఇసుకలో బోర్లించిన ప్రతి పడవా. మామయ్య వేలితో ఒక్కో ఇల్లూ దాటుతూ వెళ్ళారు. ఐసు ఫ్యాక్టరీ రేకులు గుర్తుపట్టారు. సరుగుడు తోట చివర కొట్టేసినట్టుందన్నారు. ఒక గోడ దగ్గర ఆగి, “ఈ ఎదవ దారిలోకి గోడ కట్టీసినాడు సూడు” అంటే మా ఆయన కూడా ముందుకు వంగి నవ్వారు. తండ్రీకొడుకుల తలలు అంత దగ్గరగా చూసి ఎన్నాళ్ళయిందో.

అప్పుడు కౌముది తెరను సముద్రంలోకి జరిపింది.

“ఇది చూడు తాతా. ఈ చెత్త నన్ను ఎంత సతాయిస్తున్నదో.”

మామయ్య వేలు దిబ్బ దాకా వెళ్ళి, తాకకుండా ఆగింది. వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు.

“తుడిసీ.”

“ఎందుకు? అదేందో తెలుసా నీకు?”

“సెత్తన్నావు గదా. తుడిసీ.”

లేవబోతుంటే మా ఆయన అడిగారు, గొంతు పెంచకుండా. “అమ్మ రోలు అక్కడే వేశావా నాన్నా?”

మామయ్య లేచారు. గోడ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు.

మా ఆయన ఊళ్ళో పడవ ఉన్న ప్రతి ఇంటికీ సముద్రంలో సొంత తావులుంటాయి. తాటిమట్టలు, కొబ్బరిమట్టలు, ఇసుక బస్తాలు, పాత రాళ్ళు ఏళ్ళ తరబడి ఒకేచోట ముంచుతారు. వాటిలో నీడ కోసం చిన్నచేప చేరుతుంది, దాని కోసం పెద్దచేప. ఆ చోటు ఇంకో ఇంటికి తెలియకూడదు. తండ్రి తన పడవ తీసుకునే కొడుకుకే చెబుతాడు, అదీ ఇంట్లో కాదు, నడిసముద్రంలో. చదువుకోవడానికి వెళ్ళిపోయిన కొడుకుకు చెప్పడు. మా అత్తమ్మ పోలమ్మ పోయిన పదో రోజున మామయ్య ఆవిడ రుబ్బురోలును పడవలో వేసుకుని ఒంటరిగా వెళ్ళి, ఖాళీ పడవతో వచ్చారు. ఎక్కడ వేశావని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

వంటింట్లోకి వచ్చి మా ఆయన నీళ్ళు తాగారు. “తమ్ముడికి చెప్పాడు, నాకు చెప్పలేదు” అన్నారు గ్లాసును చూస్తూ. “చివరికి మిషన్ చెప్పింది.”

ఆ తర్వాత ఇల్లు మాటలు తగ్గించుకుంది. పరుశురాం ఫోన్ చేశాడు. విషయం తెలిశాక, ఆ చుక్క తీసేయమని కౌముదికి నేనే చెప్పాలన్నాడు. అది బయటపడితే చుట్టుపక్కల పడవలన్నీ అక్కడికే వస్తాయి, తాతల నాటి తావు పోయినట్టే, అన్నాడు. మా ఆయన ఏ పక్కా మాట్లాడలేదు. తీసేయమంటే తనకు చెప్పని తండ్రి కోసం కూతురి చేత అబద్ధం రాయించినట్టు, ఉంచమంటే కసి తీర్చుకున్నట్టు. రెండూ ఆయనవల్ల కాలేదు. మామయ్యతో మాట్లాడటమే మానేశారు. పేపరు ఇచ్చేటప్పుడు కూడా టీపాయ్ మీద పెట్టి పక్కకు వెళ్ళేవారు.

కౌముది బరువు తగ్గింది. ఒక సాయంత్రం జడ అల్లించుకుంటూ, నాకు ముఖం కనబడకుండా చెప్పింది. “తుడిస్తే ఒక్క క్లిక్ అమ్మా. సార్‌కు కూడా తెలియదు. నాకొక్కదానికే తెలుస్తది. తర్వాత నేను గీసే ప్రతి మ్యాపులో ఇంకేం తుడిచిన్నో అని నాకే డౌటొస్తది.” “ఉంచితే తాత నాతోని మాట్లాడడు” అంది.

జడ విప్పి మళ్ళీ అల్లాను. మొదటిసారి సరిగా రాలేదు కూడా.

ఒక ఉదయం మామయ్య స్నానానికి వెళ్ళినప్పుడు బాల్కనీలో ఆయన కుర్చీలో కూర్చున్నాను. ఊరికే కాదు. మొదటిరోజు గొడవ ఇంకా గుచ్చుతూనే ఉంది. ఇక్కడి నుంచి ఆయనకు కనబడేదేమిటో చూడాలనిపించింది. ఎదురింటి డాబా మీద నీళ్ళట్యాంకు, దానికో ఇనుప నిచ్చెన. దూరంగా క్యాంపస్ వైపు సెల్ టవర్. ఎడమవైపు పక్క అపార్ట్‌మెంట్ లిఫ్టుగది మూల, దాని అవతల ఒక ఒంటరి తాటిచెట్టు. హైదరాబాదులో ఆ తాటిచెట్టు ఉందనే నేను ఇన్నేళ్ళూ చూడలేదు. కుర్చీని కాస్త కుడికి లాగాను. టవర్ జరిగి జరిగి నిచ్చెన వెనక దాక్కుంది. ఇంకొంచెం ముందుకు జరిగితే తాటిచెట్టు లిఫ్టుగది మూలకు అతుక్కుంది. రెండూ ఒకేసారి దాగేది ఒక్కచోటే. జానెడు తప్పితే విడిపోతున్నాయి.

కుర్చీని అక్కడే వదిలి లేచాను. మామయ్య వచ్చి కూర్చున్నారు. అటొకసారి, ఇటొకసారి చూశారు. లేవలేదు.

“కుదిరినాది” అన్నారు.

నేను కాఫీ అందిస్తుంటే ఆయనే చెప్పారు. “ఒకటెనకాల ఒకటి దాగాల. అటో జత, ఇటో జత. అప్పుడే నువ్వెక్కడున్నావో నీకు తెలస్తాది. నీల్లమీద ఏటుంటాది? ఎటు సూసినా ఒకటే.” కాఫీ సగం తాగాక, “ఇక్కడా అంతేనమ్మా నాకు” అన్నారు.

జూన్ మొదటివారంలో కౌముది ఆ దిబ్బను మళ్ళీ పట్టుకుంది. పైన మేఘంలా ఉన్నది చేపల గుంపని విడదీసి పక్కన పెట్టి, దిబ్బను మాత్రం జాగ్రత్తగా తేల్చింది. పైకి పంపినా పంపకపోయినా ముందు తాతకు చూపించాలని ఇంటికి తెచ్చింది. ఇప్పుడది చెత్తలా లేదు. ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు జారిపోయి, పాడుపడిన మట్టిగోడలా ఉంది. చుట్టూ నేల మీద సన్నని గీతలు, పొడుగ్గా, తిన్నగా. మా నాన్న చేలో గొర్రు తోలాక ఇలాంటి చాళ్ళే ఉండేవి.

“ఎవరో దున్నినట్టున్నదేందే?” అన్నాను.

“ట్రాలర్లమ్మా. పెద్ద మరబోట్లు వల లాక్కుంటూ పోతయ్ కదా. ఆ వల నోరు తెరిచి ఉంచేందుకు రెండు పక్కల బరువైన పలకలు కడతరు. అవి నేలకు గీసుకుంట పోతయ్.”

మామయ్య తెర మీదికి వంగారు. ఒక గీతను వేలితో పట్టుకుని నెమ్మదిగా నడిపారు. వేలు దిబ్బ మీదికెక్కి అవతలికి దిగింది. రెండో గీత పట్టుకున్నారు. అది వేరే దిక్కు నుంచి వచ్చింది. అదీ దిబ్బ మీదికే ఎక్కింది.

“నా కన్నేనా ఇలగ సూపిస్తన్నాది?”

“కాదు తాతా. అట్లనే ఉన్నది.”

“ఎప్పటియ్యి?”

“చెప్పలేం. ఒక్కరోజువి మాత్రం కావు.”

ఆయన వెనక్కి ఆనుకున్నారు. కాసేపటికి పరుశురాంకు ఫోన్ కలపమన్నారు. స్పీకర్ పెట్టలేదు, అయినా ఆ మాట గదంతా వినబడింది. మూడేళ్ళుగా తను ఆ తావుకే వెళ్ళడం లేదన్నాడు పరుశురాం. పెద్దబోట్లలో చేపలు చూపించే మిషన్లున్నాయి, వాళ్ళకు ఎప్పుడో దొరికిపోయింది. ఇంకా లోతులో ఉన్న మిగతా తావుల మీదే తను బతుకుతున్నాడట. మరి ఆ చుక్క తీయమని ఎందుకు పట్టుబట్టావని మామయ్య అడిగారు. “నువ్వు సూస్తావని నాన్నా” అన్నాడు.

మామయ్య ఫోన్ నాకిచ్చి బాల్కనీలోకి వెళ్ళారు. చీకటి పడేదాకా అక్కడే ఉన్నారు. టవరూ తాటిచెట్టూ కనబడకుండా పోయాక కూడా.

మర్నాడు మృగశిర కార్తె. ఆ రోజు చేప తినకపోతే మా వైపు వాళ్ళకు ఏడాది మొదలవదు. పొద్దున్నే వెళ్ళి కొర్రమీను తెచ్చి చింతపులుసు పెట్టాను. మధ్యాహ్నానికి మబ్బు కమ్మింది. వడ్డించేవేళకు తొలివాన మొదలై, బాల్కనీ గచ్చు మీద వేడి ఆవిరి లేచి, ఇంట్లోకి మట్టివాసన వచ్చింది. నలుగురం కూర్చున్నాం. మా ఆయన తండ్రికి ఎదురుగా కాకుండా మూలగా కూర్చున్నారు.

మామయ్య ఒక ముక్క నోట్లో పెట్టుకున్నారు. “సెరువు సేప. బురద తిని పెరిగినాది” అన్నారు. “పులుసు బాగున్నాది. అందుకని తింటన్నాను.”

ఎవరూ నవ్వలేదు. ఆయన ముల్లు తీసి కంచం అంచున పెట్టి, కౌముది వైపు తిరిగారు.

“ఎప్పుడు పంపాల నీ మాపు?”

“సోమవారం తాతా.”

“తుడవకు. మీ నానమ్మ రోలున్నాది అక్కడ. లేదని రాయకు.”

కౌముది తలదించుకుని అన్నం కలుపుతూనే ఉంది. కలిపిన అన్నాన్నే మళ్ళీ కలుపుతోంది.

“పార్థూ” అన్నారు మామయ్య. ఆ పిలుపు విని ఎన్నాళ్ళయిందో, మా ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. “రేపు పొద్దున్న నా పక్కన కుర్చీ ఏసుకో. మిగతా తావుల గురుతులు సెప్తాను.”

మా ఆయన కంచాన్ని కాస్త ముందుకు జరిపారు. “నాకెందుకు నాన్నా ఇప్పుడు. నేను పడవెక్కేది లేదు.”

“ఎక్కమన్నేదు. తెలుసుకోమన్నాను.”

“ఇంట్లో చెప్పకూడదంటావు కదా.”

“బాల్కనీ ఇల్లేటి?” అని పులుసు కలుపుకున్నారు మామయ్య. “ఈ పిల్ల మాత్రం ఉండకూడదు. మాపులో పెట్టీస్తాది.”

కౌముదికి నవ్వొచ్చి, అది మధ్యలో ఇంకేదో అయిపోయి, కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. మా ఆయన తన కుర్చీని మూల నుంచి కాస్త ఇటు జరుపుకున్నారు. మజ్జిగ తేవడానికి నేనూ లేవబోయాను.

“నువ్వూ రావాలమ్మా” అన్నారు మామయ్య నన్ను చూడకుండానే. “కుర్చీ ఎక్కడెయ్యాలో నీకే తెల్సు.”

మజ్జిగ సంగతి మరిచిపోయి నిలబడ్డాను. మా బాల్కనీ ఒక్క కుర్చీకే ఇరుకు. ఇంకో రెండు పట్టాలంటే తులసికుండీ జరపాలి. ఎంత జరపాలో ముందు ఆయన్ని అడగాలి.